కత్తెరమ్మ కోసేసిన మూడు నిమిషాలు

ఆవిడకి కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆవిడే వెనక్కి తిరిగి చూడదు. వీధిలోనూ, పనిలోనూ, చివరికి కట్టుకున్నవాడి నోట కూడా ఆవిడ కత్తెరమ్మే. బట్టలు కుట్టే మనిషేమో అనుకునేరు! సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు మహాతల్లికి. ఆవిడ కోసేది పెళ్ళి వీడియోలు. కెమెరావాళ్ళు రోజంతా తీసి తెచ్చి పడేసిన దాన్ని కంప్యూటర్ ముందు కూర్చుని కోసి, అతికించి, సంగీతం జోడించి, చూసేవాళ్ళ కళ్ళు చెమర్చేలా తయారుచెయ్యడం ఆవిడ పని. ఫొటో స్టూడియో వెనక, కిటికీ లేని చిన్న గదిలో ఆవిడ సగం జీవితం ఆ పనిలోనే గడిచింది.

కొయ్యడంలో ఆవిడ చెయ్యి అలాంటిలాంటి చెయ్యి కాదు. పెళ్ళంటే ఏముంది, ముప్పాతిక వంతు ఎదురుచూపే కదా. కారు కోసం చూడటం, భోజనాల దగ్గర వరసలో నిలబడటం, ఎవరో పెద్దమనిషి వచ్చేదాకా అందరూ చేతులు ముడుచుకుని కూర్చోవడం. అదంతా ఆవిడ చేతిలో పడితే కచక్కున తెగిపోయేది. పెళ్ళికొడుకు కారు తలుపు మీద చెయ్యి వేస్తాడు, మరుక్షణం పెళ్ళికూతురి పక్కన నవ్వుతూ ఉంటాడు. "మా పెళ్ళి ఇంత బాగా జరిగిందా!" అని ఆ పెళ్ళివాళ్ళే ముక్కున వేలేసుకునేవాళ్ళు.

ఈవిడకి ఒక ఆడపడుచు ఉంది. పేరుకి బుల్లి, నిలబడితే గుమ్మం నెత్తికి తగులుతుంది. ముప్పై దాటింది. అన్నా వదినల దగ్గరే ఉండేది. "నా కాళ్ళ మీద నేను నిలబడాలి" అని రోజూ అనేది గానీ, పాపం ఏ ఉద్యోగమూ నిలబడనిచ్చేది కాదు. బట్టల కొట్లో చేరితే బిల్లు కొట్టే మెషీను అర్థం కాలేదు. మందుల షాపులో చేరితే అరలు గుర్తుండేవి కావు. ఇంటికొచ్చి, "నా బుర్రకి ఏదీ ఎక్కదులే వదినా" అని తనే నవ్వేసేది. చిన్నప్పుడు బళ్ళో ఎవరో అన్న మాటని పట్టుకుని ఇన్నేళ్ళూ వదల్లేదు. ఆ నవ్వు చూస్తే కత్తెరమ్మకి ఒళ్ళు మండేది. వదినా ఆడపడుచులంటే ఉప్పూ నిప్పూ అనుకునేవాళ్ళు వీళ్ళిద్దరినీ చూడాల్సింది. ఒకే కంచం ముందు కూర్చుని లోకాన్నంతా ఆడిపోసుకునేవాళ్ళు.

చివరికి బుల్లికి ఒక పెద్ద లాండ్రీలో పని దొరికింది. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ తువ్వాళ్ళు వ్యాన్లలో వచ్చి, ఉతికి, ఇస్త్రీ అయి, మళ్ళీ వ్యానెక్కి వెళ్ళే చోటు. లోపల అడుగుపెడితే వేడి ఆవిరి మొహాన కొడుతుంది. నూలు పీచు కనుబొమల మీద కూడా పేరుకుంటుంది. మెషీన్ల హోరులో పక్కమనిషి మాట పక్కమనిషికి వినపడదు. బుల్లిని మొదట మడతల బల్ల దగ్గర పెట్టారు. అక్కడ కుదురుకుంది. తర్వాత మెషీను దగ్గరికి పంపిస్తామన్నారు. మెషీను నడపడం వస్తే ఉద్యోగం ఖాయం, రాకపోతే హోటళ్ళకి గిరాకీ ఉండే ఈ సీజను అయ్యాక ఇంటికే.

పని నేర్పేది మేస్త్రీ. ఆ హోరు మీద ఏళ్ళ తరబడి అరిచి అరిచి ఎందరికో పని నేర్పిన మనిషి. పాపం, ఆ అరుపులకే గొంతు పాడైపోయింది. "ఇక అరిచారంటే ఉన్న గొంతు కూడా పోతుంది" అని డాక్టరు ఖరాఖండిగా చెప్పేశాడు. మరి కొత్తవాళ్ళకి నేర్పేదెలా? వీడియో తీయిద్దాం అన్నాడు మేనేజరు. ఆ మాట బుల్లి చెవిన పడింది. ఇంకేం, ఎగిరి గంతేసింది.

"మా వదినుంది సార్! పెళ్ళి వీడియోలు ఎంత బాగా చేస్తుందనుకున్నారు!"

కత్తెరమ్మ వెళ్ళింది. స్టూడియో కెమెరా కుర్రకారుని వెంటేసుకుని రెండు రోజులు తీయించింది. మామూలుగా పచ్చి తిట్లు తప్ప తెలియని మేస్త్రీ, కెమెరా చూసేసరికి ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, "ప్రియమైన కార్మిక సోదర సోదరీమణులారా" అని బొంగురు గొంతుతో మొదలుపెట్టాడు. అందరూ కడుపు పట్టుకుని నవ్వారు. ఆ ఉపన్యాసం తీసేసి, కత్తెరమ్మ తనకి తెలిసిన విద్యంతా చూపించింది. సబ్బు నురగ నెమ్మదిగా పొంగుతూ వచ్చింది, తెల్లటి దుప్పట్లు గాల్లో తేలుతూ పరుచుకున్నాయి, వెనక వేణువు. మేనేజరు చప్పట్లు కొట్టాడు. మేస్త్రీ తన మొహం చూసుకుని మురిసిపోయాడు. పనివాళ్ళంతా ఆ వీడియోని ఫోన్లలో పెట్టుకుని చుట్టాలకి పంపించుకున్నారు.

బుల్లి అయితే దాన్ని ఎన్నిసార్లు చూసిందో! అన్నం తింటూ, బస్సులో, పడుకునే ముందు. "ఈసారి ఎక్కింది వదినా, మొత్తం ఎక్కింది. కళ్ళు మూసుకుంటే కనపడుతోంది" అంది. కత్తెరమ్మ గుండె పొంగిపోయింది.

బుల్లి మెషీను దగ్గర నిలబడ్డ మొదటి రోజు అది. ఉతికిన దుప్పట్లని గిరగిరా తిప్పి నీళ్ళు పిండేసే మెషీను. ఆపే మీట నొక్కినా లోపలి డ్రమ్ము వెంటనే ఆగదు. తిరిగి తిరిగి మెల్లగా ఆగడానికి మూడు నిమిషాలు పడుతుంది. ఆగేదాకా మూత తెరుచుకోకుండా ఒక గొళ్ళెం ఉండాలి. అది అరిగిపోయి చాలా రోజులైంది. పాతవాళ్ళకి ఆగడం అలవాటు కాబట్టి దాని సంగతి ఎవరూ పట్టించుకోలేదు. బుల్లి మీట నొక్కింది, మూత ఎత్తింది, పైకి కనపడిన దుప్పటి కొనని పట్టుకుంది. దుప్పటి ఆమె మణికట్టు చుట్టూ మెలిపడి లోపలికి లాగేసింది. మేస్త్రీ ఒక్క ఉరుకున వచ్చి నడుం పట్టుకుని వెనక్కి గుంజాడు. పాత దుప్పటి కాబట్టి పర్రున చిరిగింది. మణికట్టు ఎముక విరగడంతో సరిపోయింది.

ఆసుపత్రిలో కట్టు వేయించుకుని వచ్చాక మేనేజరు గదిలో విచారణ. కత్తెరమ్మ కూడా వెళ్ళింది.

"డ్రమ్ము ఆగేదాకా ఆగాలని గోడ మీద ఇంతింత అక్షరాలతో రాసుంది కదమ్మా! చూసుకోవద్దూ? ఇలాగైతే నిన్ను మెషీను దగ్గరికి ఎలా పంపించను?" అన్నాడు మేనేజరు. మంచివాడే గానీ భయపడిపోయి ఉన్నాడు.

బుల్లి తల దించుకుంది. "తప్పు నాదే సార్. నా బుర్రే అంత" అంది. తర్వాత, ఎవరినీ ఏమీ అనాలని కాకుండా, తనలో తాను అనుకుంటున్నట్టు, "వీడియోలో మేస్త్రీ గారు మీట నొక్కగానే తెరిచారు. నేనూ అలాగే తెరిచాను" అంది.

కత్తెరమ్మ నెత్తిన పిడుగు పడింది. ఫోను తీసి వీడియో పెట్టి, అందరి ముందూ బల్ల మీద ఉంచింది. మేస్త్రీ వేలు మీట మీద పడింది. మరుక్షణం మూత తెరుచుకుంది. వెనక వేణువు. మధ్యలో ఉండాల్సిన ఆ మూడు నిమిషాలు లేవు. పెళ్ళికొడుకు కారు దిగడాన్ని కోసినట్టే ఆవిడే కచక్కున కోసి పారేసింది. కోసినట్టు గుర్తు కూడా లేదు.

"తప్పు ఈ పిల్లది కాదండీ, నాది" అంది. "నేనేం చూపించానో అదే నేర్చుకుంది. ఉన్నదున్నట్టు నేర్చుకుంది. దీని బుర్రకి ఎక్కదని ఇంకెవరైనా అన్నారంటే ఊరుకోను. తీసెయ్యాల్సి వస్తే నా వీడియో తీసెయ్యండి."

విచారణకి వచ్చిన మేస్త్రీ ఆ ఫోను తీసుకుని మళ్ళీ చూశాడు.

"నేను పదిసార్లు చూశానమ్మా ఆ వీడియో" అన్నాడు బొంగురుగా. "నాకూ కనపడలేదు. మనకి పని తెలుసు కదా, లేనిదాన్ని మన కళ్ళే పూరించేసుకున్నాయి. పని తెలియని మనిషికే ఉన్నది ఉన్నట్టు కనపడింది."

ఆ సాయంత్రమే గొళ్ళెం బాగుచెయ్యడానికి మనిషి వచ్చాడు. బుల్లి ఉద్యోగం పోలేదు. కానీ కట్టు విప్పాక మెషీను నడిపి చూపించాలి, భయమైతే మడతల బల్ల దగ్గరే సీజను చివరిదాకా ఉండొచ్చు అన్నాడు మేనేజరు. బుల్లి ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. "మెషీను దగ్గరికి నేను పోను వదినా. కల్లో కూడా తిరుగుతోంది" అంది.

కత్తెరమ్మ రెండు రోజులు అన్నం సహించక తిరిగింది. ఆ చెయ్యి దక్కినందుకు ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియలేదు. మేస్త్రీ ఇంటికి వెళ్ళి ఆయన భార్య ముందే చేతులు పట్టుకుని ఏడ్చింది. తర్వాత వచ్చి బుల్లి పక్కన కూర్చుంది.

"ఆ వీడియో మళ్ళీ చేస్తాను. కానీ నాకు పని నేర్పేవాళ్ళు కావాలి. నువ్వు నేర్పుతావా?"

"నేనా? నాకేం వచ్చని?"

"రాదు కాబట్టే అడుగుతున్నాను. నేను కోసిన ముక్క కోసినట్టు నీకు చూపిస్తాను. ఎక్కడ అర్థం కాకపోతే అక్కడ ఆపు. నన్ను తిట్టు. మొహమాటపడ్డావంటే మాత్రం ఊరుకోను."

బుల్లి మొహమాటపడలేదు. అబ్బో, ఆ కిటికీ లేని గదిలో కట్టు చేతిని ఒళ్ళో పెట్టుకుని వదినని ఎన్ని తిప్పలు పెట్టిందని! "ఈ మీట ఎటువైపుంది? మొహం చూపిస్తావేంటి, చేతులు చూపించు." "సంగీతం ఆపు వదినా, మెషీను చప్పుడు వినపడాలి కదా, ఆగేముందు దాని గొంతు మారుతుంది." "ఒక్కసారి మూడు పనులు చెప్పేశావు, రెండోది మర్చిపోయాను." కత్తెరమ్మకి తల తిరిగిపోయేది. లోలోపల మాత్రం ఎవరో దీపం పెట్టినట్టుండేది. ఇన్నేళ్ళ పనిలో ఆవిడ పనిని ఇంత శ్రద్ధగా చూసిన మనిషి ఇంకొకరు లేరు.

మూడు నిమిషాల దగ్గర చిక్కొచ్చిపడింది. ఉట్టినే తిరిగే మెషీనుని మూడు నిమిషాలు ఎవరు చూస్తారు? మేస్త్రీ ఉపాయం చెప్పాడు. డ్రమ్ము అంచున ఎర్ర రంగుతో ఒక చుక్క పెట్టాడు. మూతకి ఉన్న వెడల్పాటి అద్దంలోంచి చూస్తే, డ్రమ్ము తిరుగుతున్నంతసేపూ అది ఎర్రటి చేతిగాజులా కనపడుతుంది. ఆగితేనే చుక్క అవుతుంది. అద్భుతం అనుకున్నారు. తీశారు. కత్తెరమ్మ ఆ ముక్కని బుల్లికి చూపించింది.

"చుక్క వచ్చేసింది. తెరవొచ్చు" అంది బుల్లి.

కత్తెరమ్మ ఉలిక్కిపడి చూసింది. తెర మీద నిజంగానే చుక్క కదలకుండా నిలబడి ఉంది. డ్రమ్ము మాత్రం పూర్తి వేగంతో తిరుగుతోంది! తిరిగే ఫ్యాను వీడియోలో ఆగిపోయినట్టు కనపడుతుంది చూశారూ, అదే మాయ. కెమెరా రెప్ప కొట్టే వేగమూ డ్రమ్ము తిరిగే వేగమూ ఒకటైపోయి, చుక్క ప్రతిసారీ ఒకే చోట దొరికింది. మొదటిసారి కోసేసింది, ఈసారి పచ్చి అబద్ధమే చూపించబోయింది. బుల్లిని గట్టిగా పట్టుకుని, తల నిమిరింది. మర్నాడు కెమెరా రెప్ప ఎక్కువసేపు తెరిచి ఉండేలా మార్చి మళ్ళీ తీశారు. అప్పుడు గాజు గాజులా, చుక్క చుక్కలా కనపడింది.

కొత్త వీడియోలో నేర్చుకునే మనిషి బుల్లే. మెషీను వైపు తిరిగి, కట్టు చేతిని వెనక్కి పెట్టుకుని, రెండో చేత్తో దాన్ని పట్టుకుని నిలబడి ఉంటుంది. మూడు నిమిషాలూ ఉంటాయి, ఒక్క క్షణం తగ్గకుండా. మధ్యలో "ఆగిందా?" అని అడుగుతుంది. గొంతు పాడైన మేస్త్రీ తల అడ్డంగా ఊపుతాడు. దాన్ని మొదటిసారి వేసినప్పుడు, చూస్తున్న కొత్తవాళ్ళు ఆ కట్టునీ ఆ ఎర్ర గాజునీ తప్ప ఇంక దేన్నీ చూడలేదు. బుల్లి రెండోసారి "ఆగిందా?" అనేసరికి గదిలో అందరూ ఒక్కసారే "లేదు!" అన్నారు.

ఆ తర్వాత కత్తెరమ్మ పెళ్ళిళ్ళు తగ్గించుకుని, ఆసుపత్రులకీ, వంటశాలలకీ, ఫ్యాక్టరీలకీ ఇలాంటి వీడియోలే చేస్తూ వచ్చింది. ఏది చేసినా మొదట చూసేది బుల్లే. కానీ ఆవిడ కృతజ్ఞతగా తలుచుకునేది ఆ వీడియోలని కాదు, కట్టు విప్పిన తర్వాత వచ్చిన ఒక ఉదయాన్ని.

ఆ రోజు బుల్లి ఎవరికీ చెప్పకుండా తనంతట తనే మెషీను దగ్గరికి వెళ్ళింది. మేస్త్రీ కబురు పెడితే కత్తెరమ్మ పరుగున వచ్చి తలుపు దగ్గర నిలబడిపోయింది. కెమెరా లేదు. బుల్లి మీట నొక్కి, చేతులు వెనక్కి కట్టుకుని, అద్దం మీద కళ్ళు పెట్టి నిలబడింది. కత్తెరమ్మ తలుపు దగ్గరే ఆ మూడు నిమిషాలూ లోలోపల లెక్కపెట్టుకుంది. డ్రమ్ము ఆగింది. చుక్క నిలిచింది. బుల్లి ఇంకాసేపు ఆగి, మూత తెరిచి, తడి దుప్పట్లని ఒక్కొక్కటే రెండు చేతులతో బయటికి తీసింది. మేస్త్రీ ఆమె భుజం తట్టి వెళ్ళిపోయాడు.

"అక్కడే నిలబడ్డావేంటి వదినా? రా, ఈ కొన పట్టుకో" అంది బుల్లి, మడతల బల్ల వైపు నడిచి. ఆ రోజు అక్కడ ఒక మనిషి తక్కువైంది. అప్పటికే ఆరి ఉన్న దుప్పటి ఒకటి ఇద్దరి మధ్యా చాచుకుంది.

"ఏడుస్తున్నావా?"

"ఏడుస్తున్నాను. ఏం, ఏడవకూడదా?" అంది కత్తెరమ్మ. "నా మూలంగా చెయ్యి విరిగినా నన్నొక్క మాట అనలేదు. పైగా కూర్చోబెట్టి నాకు పని నేర్పావు. నీ రుణం ఎలా తీర్చుకోవాలే తల్లీ?"

"ముందు కొన సరిగ్గా పట్టుకో. వంకరొస్తోంది" అంది బుల్లి. "అలా కాదు. బొటనవేలు లోపలికి పెట్టు. ఇప్పుడు నావైపు రా. ఆగు, ఆగు, నేను అంచు కలిపేదాకా వదలకు."

కత్తెరమ్మ వదిలేసింది. దుప్పటి జారి కుప్పగా పడింది. రెండోసారి మడత తిరగబడింది. మూడోసారి కళ్ళు మసకబారి అంచే కనపడలేదు.

"నా బుర్రకి ఎక్కడం లేదే" అంది కత్తెరమ్మ.

బుల్లి నవ్వలేదు, విసుక్కోనూ లేదు. దుప్పటి పూర్తిగా విప్పి, ఒక కొన వదిన చేతిలో పెట్టి, మొదటి నుంచి నిదానంగా మళ్ళీ చూపించింది.