చెయ్యి ఉండాల్సిన ఎత్తు

ఎనభైల మొదట్లో, నాకు ఇరవై ఏళ్లు నిండకముందే, అమ్మకు బీపీ ఉందని తేలింది. మేము ఉండేది పుంగనూరు, డాక్టరు ఉండేది మదనపల్లె. ఇంట్లో కూడా రోజూ చూసుకుంటే మంచిదని ఆయన అనడంతో నాయన బెంగుళూరు నుంచి మిషను తెప్పించాడు. చేతికి చుట్టే పట్టీ, గాలి కొట్టే రబ్బరు బుడ్డి, గడియారంలాంటి డబ్బాలో ఒక ముల్లు, చెవుల్లో పెట్టుకునే గొట్టం.

డాక్టరు అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి ఒకసారి చేసి చూపించాడు. గాలి మెల్లగా వదిలేటప్పుడు చప్పుడు మొదలైన చోట పై నంబరు, ఆగిన చోట కింది నంబరు. ఇంకా ఏవో చెప్పాడు. అర్థమైందా అంటే తలూపాను. ఎవరేమడిగినా నేను తలూపే రకం. మిగిలిన సందేహాలు డైరీలో రాసుకునేదాన్ని. డైరీ తిరిగి ప్రశ్నలు వేయదు.

మా ఇంట్లో కుర్చీ నాయనది. అమ్మ అందులో కూర్చోగా నేను చూడలేదు. ఎవరూ వద్దనలేదు, అలవాటు అంతే. చాప మీద కూర్చుని చెయ్యి నేల మీదికి చాపేది. ముల్లు రోజూ నూట అరవై దాటేది. నేను రాసుకెళ్లిన నంబర్లు చూసి డాక్టరు ఒక మాత్రను రెండు చేశాడు.

పది రోజులకు అమ్మ బావి దగ్గర చేదతాడు పట్టుకుని ఉండగానే కళ్లు తిరిగి తూలింది. పక్కింటి సాయిబు భార్య రెక్క పట్టుకుని లాగింది. "ఇంకో అడుగైతే మీ అమ్మ నీళ్లలోనే ఉండేది పాపా" అంది. వెంటనే చూస్తే ముల్లు నూట యాభై దగ్గర ఉంది. ముల్లును నమ్మాలా, అమ్మను నమ్మాలా?

మరునాడే మదనపల్లె వెళ్లాం.

"ఇంట్లో ఎట్ల సూస్తాండావో అట్లే సూపీ" అన్నాడు డాక్టరు.

అమ్మ తటపటాయించకుండా ఆయన బల్ల పక్కన నేల మీద కూర్చుంది.

"ఏమైనా పడిపోయిందా అమ్మా?"

"లేదు సామీ. బిడ్డ ఇట్లే సూస్తాది."

ఆయన నవ్వబోయి ఆగాడు. కింద కూర్చుని ఒకసారి చూశాడు. తర్వాత అమ్మను కుర్చీలో ఆనుకుని కూర్చోమని, అయిదు నిమిషాలు ఆగి, చెయ్యి బల్ల మీద పెట్టించి చూశాడు. ఇరవైకి పైగా తేడా.

"చెయ్యి గుండె ఎత్తున ఉండాల. కిందికి దిగితే నంబరు పైకి పోతాది. తలకాయ ఊపొద్దు పాపా, నువ్వే ఒకసారి చెప్పు."

చెప్పాను. మాత్ర మళ్లీ ఒకటే చేశాడు. రెండు వారాలు సరిగ్గా చూసి రమ్మన్నాడు.

పొద్దున మాత్ర వేసుకోకముందే చూడాలి. ఆ వేళకు నాయన కుర్చీలో పేపరు చదువుతూ ఉంటాడు. గడప దగ్గర చాలాసేపు నిలబడ్డాను. ఆ మనిషిని నేను ఎప్పుడూ ఏదీ అడిగి ఎరగను.

"నాయనా, ఆ కుర్చీ కావాల."

"యాలమ్మా?"

"అమ్మకు."

వంటింట్లోంచి అమ్మ అందుకుంది. "నేను కూసోను. నాకు పనుండాది."

నాయన పేపరు మడిచి లేచాడు. "బావిలో పడేదానికి తీరిక ఉండాది, కుర్చీలో కూసునేదానికి ల్యా?"

అమ్మ వచ్చి అంచున కూర్చుంది. వెనక్కి ఆనుకోమంటే తప్పు చేసినట్టు ఆనుకుంది. ట్రంకుపెట్టె మీద రెండు దిండ్లు వేసి చెయ్యి పైకి పెట్టాను. అయిదు నిమిషాలు ఆగి గాలి కొట్టాను. నాయన తలుపుకు ఆనుకుని నిలబడే ఉన్నాడు. నూట ముప్పై నాలుగు. కాసేపాగి మళ్లీ చూస్తే నూట ముప్పై రెండు.

రెండు వారాలూ అలాగే చూశాను. ఆఖరి రోజు పట్టీ విప్పగానే అమ్మ చీర సర్దుకుని ఒక్క ఊపున లేచి, బిందె తీసుకుని బావికి నడిచింది. నేను వెనకే వెళ్లాను. తాడు పట్టుకోబోతే చెయ్యి తోసేసింది.

"తప్పుకో. నేను బాగుండాను."


నిండు బిందె చంకనెత్తుకుని తూలకుండా నా ముందు నుంచే వెళ్లింది.