గోరీల దొడ్డిలో తీగ

మొక్కల్నీ పురుగుల్నీ పనిగట్టుకుని చూసే మనిషిని మా వైపు రెండే రకాలుగా అర్థం చేసుకుంటారు. మగవాడైతే పురుగుమందుల కంపెనీ తాలూకు, ఆడదైతే పిచ్చిది. నేను రెండో రకం. మా ఊరు పొదిలికి దగ్గరే. పక్క ఊరి ప్రైమరీ స్కూల్లో చదువు చెప్పేదాన్ని. పొద్దునా సాయంత్రం పత్తిచేల మధ్య మట్టిరోడ్డు మీద నడక. ఆ నడకలో ఒక్క క్షణం ఆగి ఏ ఆకునో తిప్పి చూస్తే చాలు, చేలోంచి ఎవరో ఒకరు కేకేసేవాళ్ళు.

"ఏం మందు కొట్టమంటావమ్మా టీచరమ్మా?"

"మందు అక్కర్లేదండీ. ఇది అక్షింతల పురుగు. పేనుబంకను తింటుంది, మంచిది."

"మంచి పురుగేందమ్మా. పురుగు పురుగే" అని ఆయన మందు డబ్బా వీపుకెత్తుకునేవాడు.

పొద్దున నేను రాసుకున్న ప్రాణి సాయంత్రానికి ఉండేది కాదు. పత్తి పోయి, ఆ చేలో కొట్టిన మందే తాగి మనుషులు పోతున్న రోజులవి. వాళ్ళను ఒక మాట అనడానికి నాకు నోరు రాదు. లోపల మాత్రం మండేది. ఎవరి మీద మండాలో కూడా తెలియని మంట.

ఈ పిచ్చి అంటించింది నాన్న. ఆయన దూదేకేవాడు, పరుపులూ దిండ్లూ కుట్టేవాడు. పత్తిలో దొరికిన ఎర్రటి పురుగుల్ని, ఎండిన కాయల్లో దాక్కున్న చిన్న గొంగళ్ళను చంపకుండా అగ్గిపెట్టెలో వేసి తెచ్చిచ్చేవాడు. "ఇదేందో చూడవే" అనేవాడు. పేర్లు ఆయనకూ తెలియవు, నాకూ తెలియవు. పేరు తెలియని దాన్ని అలా వదిలెయ్యడం మాత్రం నా వల్ల అయ్యేది కాదు. పెద్దయ్యాక మొక్కల మీదికి మళ్ళాను, అవి పారిపోవు కదా అని. దొరికిన కొమ్మను పాత పేపర్ల మధ్య పెట్టి, నాన్న కుట్టిన పరుపు కింద పరిచి, దాని మీదే పడుకునేదాన్ని. కొన్ని రోజులకు చక్కగా అణిగి ఎండేది. "పక్క కింద గడ్డి పెట్టుకుని పడుకునేదాన్ని ఎవడు చేసుకుంటాడే" అని అమ్మ సణిగేది. సంబంధం చూడ్డానికి ఎవరైనా వస్తున్నారంటే ముందు నా పేపర్లు అటకెక్కేవి.

నాన్న తొంభై ఎనిమిదిలో పోయాడు. జనాజా, అదే పాడె, లేచాక మా ఆడవాళ్ళం గుమ్మం దాకానే. మా ఊళ్ళో ఆడవాళ్ళు గోరీల దొడ్డిలోకి వెళ్ళరు. ఎవరూ కాపలా కాసి ఆపరు, వెళ్ళరు, అంతే. దొడ్డి నేను బడికి వెళ్ళే రోడ్డు పక్కనే ఉంది. నడుమెత్తు రాతిగోడ. నాన్న గోరీ ఏదిరా అని తమ్ముణ్ణి అడిగితే, గోడ మీంచి చెయ్యి చాపి, "ఆ బలుసు పొద కనపడతందే, దాని పక్కదే" అన్నాడు. అప్పట్నుంచి రోజూ ఆ పొద వంక చూసి వెళ్ళడం అలవాటైంది. గోరీ కనపడదు, పొద కనపడుతుంది.

ఇంకో సంగతి. మా చుట్టుపక్కల నాగలి పడని నేల, మందు పడని నేల ఆ దొడ్డి ఒక్కటే. మిరప వేసేవాడూ పత్తి వేసేవాడూ గట్టును కూడా వదలరు. అందుకని ఎక్కడా లేని మొక్కలు అక్కడ బతికేవి. అవి ఉండటానికి నేను అడుగు పెట్టకూడని చోటే దొరికిందా అని ఒళ్ళు మండేది.

తొంభై తొమ్మిది నవంబరులో, రాత్రంతా వాన పడి తెరిపిచ్చిన పొద్దున, ఆ బలుసు పొద మీదికి పాకిన సన్నటి తీగ ఒకటి కనిపించింది. దానికి లేతాకుపచ్చ గొట్టాల్లాంటి పూలు. అడుగున కాస్త ఉబ్బి, పైన రేకులు విచ్చుకోకుండా కొసల దగ్గర కలుసుకుని, చిన్న లాంతరు బుడ్డిలాగా ఉన్నాయి. అలాంటి పువ్వు అంతకుముందు ఎక్కడా చూడలేదు. గోడకు పొట్ట ఆనించి వంగి చూశాను. కొసలు నల్లగా ఉన్నాయా, ఊదాగా ఉన్నాయా తెలియడం లేదు. బడికి వేళవుతోంది. సాయంత్రం తమ్ముడితో కోయించుకుందాంలే అనుకుని వెళ్ళిపోయాను.

సాయంత్రం వచ్చేసరికి పొద మోడై ఉంది. దొడ్డంతా గొరిగినట్టు నున్నగా ఉంది. ఒక మూల చెత్తకుప్ప కాలుతోంది. షబే బరాత్ వస్తోందని మగవాళ్ళందరూ కలిసి శుభ్రం చేశారు. ఆ రాత్రి చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థన చేసి, గోరీల మీద పూలు చల్లి, ఊదొత్తులు వెలిగిస్తారు. అంతకుముందు గడ్డీ గాదం తీసెయ్యడం ఏటా ఉన్నదే. నాకు తెలియనిదేం కాదు. అది ఆ రోజే చెయ్యాలా అన్నదే నా ఏడుపు.

గుంటూరులో వృక్షశాస్త్రం చెప్పే లెక్చరర్ గారొకరు పరిచయం. ఎస్‌టీడీ బూత్ నుంచి ఆయనకు ఫోన్ చేసి, చూసింది చూసినట్టు చెప్పాను. "అలాంటివి నాలుగైదు రకాలున్నాయమ్మా. దూరం నుంచి చూసి చెబితే తేలదు. పువ్వు చేతిలో పట్టుకుని చూడాలి. వీలైతే వేరుతో సహా తెప్పించండి" అన్నారు. ఇంటికి వచ్చి తమ్ముడికి అదే చెప్పాను. మళ్ళీ మొలిస్తే వేరుతో సహా తీసుకురారా అన్నాను.

మరుసటి ఏడు మళ్ళీ అక్కడే లేచింది. కింద దుంప ఉందన్నమాట. మొగ్గలు పడుతుండగా మళ్ళీ పండగ వచ్చింది, మళ్ళీ కొడవళ్ళు వచ్చాయి. ముందు రోజే తమ్ముణ్ణి బతిమాలాను.

"ఒరేయ్, ఆ ఒక్క పొద జోలికి పోకండిరా. వారం ఆగితే పూస్తుంది."

"అందరి గోరీలూ అద్దంలా ఉండి మన నాన్నది ఒక్కటే పిచ్చిమొక్కలతో ఉంటే ఏమనుకుంటారక్కా? ఈయనకు కొడుకు లేడా అనుకోరూ?"

నాన్నకు కొడుకున్నాడని ఊరికి తెలియాలంటే ఆ మొక్క పోవాలి. కూతురున్నట్టు తెలియాల్సిన పని ఎవరికీ లేదు. రెండు రోజులు వాడితో మాట్లాడలేదు. వాడు అది గమనించనే లేదు, పత్తి లారీల మీద లోడింగుకు పోయాడు.

అప్పుడు క్యాలెండర్ ముందు కూర్చున్నాను. మా పండగలు చంద్రుణ్ణి బట్టి నడుస్తాయి. ఇంగ్లీషు నెలల్లో చూస్తే ఏటా పది రోజులకు పైగా ముందే వచ్చేస్తాయి. నవంబరు చివర వచ్చిన పండగ నవంబరు మధ్యకు వచ్చింది, పై ఏడు నవంబరు మొదటికి వస్తుంది, ఆ పై ఏడు అక్టోబరులోకి. నా తీగ మాత్రం వానను బట్టి నడుస్తుంది. అక్టోబరులో పాకి నవంబరులో పూస్తుంది. అంటే కొన్నేళ్ళ పాటు కొడవలే ముందుంటుంది. రెండువేల నాలుగుకు గానీ పండగ సెప్టెంబరు చివర్లోకి రాదు. అప్పుడు ఎంత గొరిగినా, తర్వాతి వానలకు తీగ లేచి తీరిగ్గా పూస్తుంది. చంద్రుడు పక్కకు తప్పుకుంటే తప్ప నాకు దారి లేదు. ఎదురుచూడ్డం తప్ప చేసేదేం లేదని తెలిశాక కోపం ఇంకా పెరిగింది.

ఎదురుచూస్తూ ఊరుకున్నానా అంటే అదీ లేదు. ఒక ఏడు పండగ ముందే ఒకటో రెండో పూలు విచ్చాయి. తమ్ముడు కోసి చొక్కా జేబులో వేసుకుని, అలాగే రెండు బస్తాలు మోసి ఇంటికొచ్చాడు. జేబులోంచి తీసి ఇచ్చింది పచ్చటి ముద్ద. ఇంకో ఏడు కొడవలికి ముందే ఎంతో జాగ్రత్తగా, తడిగుడ్డలో చుట్టి, కాకిదొండ తీగ తెచ్చాడు. "తీగే కదక్కా" అన్నాడు. ఒకసారి స్కూల్లో ఒకరి దగ్గర రీలు కెమెరా అడిగి తెచ్చి వాడి చేతికిచ్చాను. రీలు కడిగిస్తే వాడూ వాడి స్నేహితుడూ లారీ ముందు నిలబడిన ఫోటోలు, మసీదు మినారు, చివర్లో ఒకే ఒకటి, పచ్చగా అలుక్కుపోయినది. అదేమిటో ఇప్పటికీ తెలియదు. ఆ తర్వాత వానలే సరిగ్గా లేక తీగ జానెడు లేచి ఎండిపోయింది. కొడవలికి ఆ పని కూడా మిగలలేదు.

మగవాడినై పుడితే ఐదు నిమిషాల పని. గేటు తీసుకుని వెళ్ళి, పొద దగ్గర గొంతుక్కూర్చుని, చూసుకుని, రాసుకుని వచ్చేవాణ్ణి. ఐదు నిమిషాల పని కోసం ఇన్నేళ్ళు గోడ పట్టుకుని వేలాడాను. ఈ మాట అమ్మతో అంటే, "మీ నాన్న దగ్గరికి పోలేకపోతున్నానని నేను ఏడుస్తుంటే నీకు గడ్డి గొడవేందే" అంది. అమ్మ అలా అనగానే లోపల ఎక్కడో కలుక్కుమంది. అదేమిటో తరిచి చూసుకోలేదు.

రెండువేల నాలుగు వచ్చింది. పండగ సెప్టెంబరు చివర్లో అయిపోయింది. లెక్క ప్రకారమే అక్టోబరు వానలకు తీగ లేచింది. మళ్ళీ చిగిర్చిన బలుసు పొద పైదాకా పాకింది. రోజూ గోడ దగ్గర ఆగి మొగ్గలు చూసుకునేదాన్ని. తమ్ముడికి చూపించాను, వేలితో దారి గీసి మరీ చూపించాను. "అదీ. ఆ పొద మీది సన్నతీగ. పూలు విచ్చాక రెండంటే రెండు కోసి, నీళ్ళ గ్లాసులో పెట్టి తీసుకురా."

నాలుగైదు రోజుల తర్వాత బడి నుంచి వచ్చేసరికి గుమ్మంలో వాడు నవ్వుతూ నిలబడి ఉన్నాడు. కాళ్ళ దగ్గర బకెట్. బకెట్‌లో తీగ మొత్తం. చిలగడదుంప ముక్కంత దుంప, మట్టి పోయేదాకా కడిగి తెల్లగా చేసి పెట్టాడు. పక్కన గునపం.

"ఇన్నేళ్ళుగా వేరుతో సహా, వేరుతో సహా అని తినేశావు కదక్కా. ఇదిగో, ఏమీ మిగల్చకుండా తెచ్చా. ఆ పొద కూడా కొట్టేశా. ఇంక ఏటా నీకూ నాకూ పోట్లాట లేదు. రెండు పనులూ అయిపోయినయ్."

ఏమనాలి వాణ్ణి. వాడి అరచేతుల్లో బలుసు ముళ్ళు దిగి రక్తం గడ్డకట్టి ఉంది. నాకు తిట్టాలని ఉంది, ఏడవాలని ఉంది, ఆ రెండూ చెయ్యకుండా లోపలికి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చాను.

రెండు పూలు చెదరకుండా ఉన్నాయి. కొసలు నల్లవి కావు, ముదురు ఊదా. గొట్టం చీల్చి చూస్తే లోపల సన్నటి నూగు, ఆ నూగులో చిక్కుకున్న నలకంత ఈగ ఒకటి. లెక్చరర్ గారికి ఫోన్ చేసి ఒక్కొక్కటే చెప్పాను. ఆయన మధ్యలో నాలుగు ప్రశ్నలు అడిగి, పేరు చెప్పారు. అయిపోయింది. ఇన్నేళ్ళు దేని కోసం గోడ పట్టుకుని నిలబడ్డానో ఆ పేరు దొరికింది, చిటికెడు సంతోషం లేదు.

"మీ వైపు దీన్ని ఎవరూ చూసినట్టు లేదమ్మా. మళ్ళీ వెళ్ళి అక్కడ ఇంకెన్ని ఉన్నాయో చూడండి" అన్నారాయన.

"ఒక్కటే ఉండేదండీ" అని ఫోన్ పెట్టేశాను.

మర్నాడు పొద్దున్నే దుంపను తడిగుడ్డలో చుట్టుకుని, తలమీద కొంగు సర్దుకుని, గోరీల దొడ్డి గేటు తీశాను. ధైర్యం కాదు, విసుగు. ఇంకొకరి చేతికి ఇచ్చి పంపే ఓపిక నాలో అయిపోయింది. ఎవరైనా అడిగితే చెప్పడానికి మాట కూడా సిద్ధం చేసుకున్నాను. మొక్క పెట్టి పోతాను, స్కూలు పని అని.

లోపలికి వెళ్ళాక కాళ్ళు ఆగిపోయాయి. రోడ్డు మీంచి చూసే దొడ్డి ఇది కాదు. అన్నీ మట్టి దిబ్బలే, తలవైపు ఒక్కో రాయి, పేర్లు లేవు. బలుసు పొద లేదు. ఆకు అంచు చూసి మొక్కను పట్టుకునేదాన్ని, నాన్న గోరీ ఏదో నాకు తెలియలేదు. ఒకదాని దగ్గరికి వెళ్ళి, కాదేమో అని ఇంకోదాని దగ్గరికి వెళ్ళాను. అప్పుడు ఒక గోరీ పక్కన తవ్విన గుంట కనిపించింది. గునపం దెబ్బలు అంచున ఇంకా పచ్చిగా ఉన్నాయి. దాన్ని బట్టి గుర్తుపట్టాను.

"ఎవరమ్మా అది? ఆడోళ్ళు ఇట్టా లోపలికి రాకూడదని తెలవదా?" గోరీలు తవ్వే ముసలాయన అవతలి మూల నుంచి వస్తున్నాడు.

సిద్ధం చేసుకున్న మాట చెబుదామని నోరు తెరిచాను.

"మా నాన్న దగ్గరికి వచ్చాను తాతా" అన్నాను.

ఆయన దగ్గరికొచ్చి నా మొహమూ చేతిలోని మూటా చూశాడు. "కానివ్వు. జనం వచ్చే లోపల పో" అని వెనక్కి తిరిగాడు.

దుంపను ఆ గుంటలోనే పెట్టి మట్టి కప్పాను. అది మళ్ళీ మొలవలేదు, ఆ సంగతి తర్వాత తెలిసింది. ఆ పొద్దున మాత్రం చేతులకు మట్టితో అలాగే కూర్చుండిపోయాను. తలెత్తితే ఎదురుగా రాతిగోడ, దాని అవతల రోడ్డు, రోజూ బడికి వెళ్తూ నేను ఆగి నిలబడే చోటు. అక్కడ నిలబడితే నాన్న గోరీ ఎప్పుడూ కనపడలేదు. నాన్న గోరీ దగ్గర్నుంచి మాత్రం ఆ చోటు బాగా కనపడుతోంది.