మారక్క ముక్కు, లోకేష్ కోటు

పెనుకొండ హోటల్లో సంగటి గెలికే పనితో మొదలైంది మారక్క వంట. ఇప్పుడు ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీ ఆఫీసర్ల ఇండ్లు మూడు, హిందూపురం డాక్టరమ్మ ఇల్లు ఒకటి ఆమె చేతి వంటే తింటున్నాయి. సొంత తెడ్డు చంకన పెట్టుకుని రైల్లో తిరుగుతుంది. ఒకసారి స్టేషన్లో బజ్జీల వాసన పట్టి, "ఉప్పు తక్కువైందబ్బా!" అని కిటికీలోంచి అరిచిందట. బజ్జీలతను పిండిలో ఉప్పు కలిపేదాకా గార్డు పచ్చజెండా ఊపలేదట. నమ్మనివాళ్ళు పోయి ఆ గార్డునే అడగండి.

ఆమెకు మిగిలిన కోరిక ఒక్కటే. ధర్మవరంలో ఒక్క పట్టుచీరల షావుకారి వంటిల్లు దక్కాలి. చివరికి దేవేంద్ర షావుకారి తల్లి బాలనాగమ్మ కబురు పెట్టింది: శనివారం వచ్చి వండు, నచ్చితే ఏడాదంతా నువ్వే.

పోయి చూస్తే వంటింట్లో అప్పటికే ఒకడున్నాడు. తెల్లకోటు మీద ఎర్రదారంతో 'లోకేష్, పర్సనల్ షెఫ్' అని కుట్టించుకున్నాడు. టోపీ ఎంత పొడుగంటే, ఫ్యాన్ తగులుతుందని మెడ వంచుకుని తిరుగుతున్నాడు. దేవేంద్ర ఫోన్లో వీడియో చూసి పిలిపించాడట. బెంగళూరులో మూడేళ్ళు ఉల్లిపాయ కోయడం చదివాడట. మూడేళ్ళూ ఒకే ఉల్లిపాయేమో.

"ఏమక్కా, నీ సర్టిఫికెట్ యాడుండాది?"

"తిన్నోళ్ళ కడుపులో ఉండాది. పోయి తెచ్చుకో పో."

బాలనాగమ్మ ఇద్దరి మధ్య పీట వేసుకుని కూర్చుంది. "పప్పు నువ్వు చెయ్యప్పా. వంకాయ కూర నువ్వు చెయ్యి మారక్కా. దేవుని ముందర పెట్టినంక తిని చెప్తా."

లోకేష్ పప్పు ఘుమఘుమలాడింది. మారక్కకే నోరూరింది. ధర్మవరం చేజారిందనుకుంది. అంతలో అతగాడు మూడేళ్ళ చదువూ బయటపెట్టాడు. స్పూనుతో పప్పు తీసి చప్పరించి, తల ఊపి, అదే స్పూను మళ్ళీ గిన్నెలో ముంచాడు.

"ఎంగిలి చేస్తివి కదప్పా!" బాలనాగమ్మ పీట మీంచి లేచింది. "దేవునికంటే ముందు నీకే పెట్టాల్నా?"

"రుచి చూడకుంటే ఉప్పు ఎట్ల తెలుస్తాదవ్వా?"

మారక్క మాత్రం కూర మీది ఆవిరిని అరచేత్తో ముక్కుకేసి లాక్కుంది, చిటికెడు ఉప్పు వేసింది. తర్వాత ఊరుకోలేక పప్పు గిన్నె మీదికి వంగింది. "దీంట్లో ఉప్పు సరిగానే ఉండాది. మూతి పెట్టకుండా ఉంటే సరిపోతుండె."

నైవేద్యం అయ్యాక బాలనాగమ్మ కూర కలిపి ఒక ముద్ద తింది. రెండో ముద్ద కలుపుతూ, "ఏడాదికి నువ్వే మారక్కా," అంది.

లోకేష్ తలవంచుకుని వాకిట్లోకి నడిచాడు. గోడవతల ఆడవాళ్ళంతా అతన్నే చూస్తున్నారు. "ఎవరా కోటాయన? మా ఇంటికొచ్చి వండుతాడేమో అడుగు!" ఇరవై ఏళ్ళు తెడ్డు తిప్పిన మారక్కను ఒక్కరూ అట్లా అడగలేదు.

"గుడ్డను చూసి ఎట్ల ఎగబడతాండారో చూడు," అని మూతి తిప్పుకుంది మారక్క. వెంటనే గట్టిగా కేకేసింది. "ఏమబ్బా, నిలబడు! సోమవారం నుంచి నాతో రా. ఉల్లిపాయలు నువ్వు కోద్దువు. కోటు వేసుకునే రావల్ల. స్పూను మాత్రం ఇంట్లో పెట్టి రా."

ఇప్పుడు ఆ వీధిలో ఆరు ఇండ్లు మారక్కవే. ముందు కోటు నడుస్తుంది, వెనక తెడ్డు.