నాలుగు గ్లాసుల లెక్క

మా బావ కామారెడ్డిలో కాలేజీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాడు. ఇంట్లో మాకూ చెబుతాడు, అడగకపోయినా సరే. ఆయన గురక కూడా పాఠం చెబుతున్నట్టే ఉంటుంది.

ఎల్లారెడ్డిలో కొత్త ఇల్లు కట్టినప్పుడు అక్క కోరింది ఒక్కటే: గృహప్రవేశం దావత్‌లో బగారా అన్నం పొడిపొడిగా రావాలి. పెళ్లయిన కొత్తలో ఒకసారి ఆమె వండిన అన్నం మెత్తబడింది. వాళ్ల అత్త ఆ కథను మహమ్మద్‌నగర్ దాకా, దారిలో బస్సెక్కిన వాళ్లతో సహా, ఇరవై ఏళ్లుగా చెబుతూనే ఉంది. ఈ దావత్‌తో ఆ కథ ఆగిపోవాలని అక్క ఆశ.

"నీళ్ల లెక్క నాకిడిసిపెట్టు" అన్నాడు బావ.

వారమంతా ప్రయోగాలు. ఒక గ్లాసు బియ్యం, రెండు, మూడు, నాలుగు. అన్నీ పొడిపొడిగానే వచ్చాయి. ఆ వారం మేం తిన్న అన్నంతో మరో అంతస్తు లేపొచ్చు. ఎన్ని బియ్యానికి ఎన్ని నీళ్లో గ్రాఫు కాగితం మీద పెడితే నాలుగు చుక్కలూ ఒకే గీత మీద కూర్చున్నాయి. బావ ఆ గీతను కాగితం దాటించి, గోడ మీద క్యాలెండర్ దాటించి, కిటికీ దాకా లాగాడు.

"నాలుగు గ్లాసుల దాకనే చూసినవ్ గద బావా. ఆడ బస్తా బియ్యం పొయ్యాలె" అన్నాను.

"గీత గీతనే బామ్మర్దీ! కామారెడ్డిల సక్కగున్నది ఎల్లారెడ్డికి పోంగనే వంకర తిరుగుతదా?"

"రోడ్డు తిరుగుతది గద."

అక్క నవ్వలేదు.

దావత్ నాడు వంటాయన బకెట్ పట్టుకొని ఆగాడు. "గిన్ని నీళ్లా సార్?"

"పోయ్, పోయ్" అన్నాడు బావ.

ఈత నేర్చుకునేంత పెద్ద వంటపాత్ర, గంజు అది. మూత తీస్తే లోపల అన్నం లేదు, సంకటి ఉంది. గంటె గుచ్చితే జెండా కర్రలా నిలబడింది. జెండా కట్టి వందనం చేయడమే మిగిలింది. చిన్న గిన్నెలో చాలా నీళ్లు ఆవిరైపోతాయి. మూత మీద నిప్పులు పోసిన గంజులో ఆవిరికి దారెక్కడ? పాపం, ఆ నాలుగు చుక్కలు గంజు మొహం ఎన్నడూ చూడలేదు.

పందిట్లో అత్త గొంతు లేచింది. "ఇల్లు మారింది గని మా కోడలి అన్నం మారలే!"

అందరూ నవ్వారు. నేను బావ వైపు చూశాను. ఇన్నేళ్లలో ఆయన మాట్లాడకుండా వదిలేసిన విషయం ఒక్కటీ లేదు. ఇప్పుడూ మాట్లాడతాడు, 'లెక్క నాది' అంటాడు అని అంచనా వేశాను. ఆయన కూర బకెట్ ఎత్తుకొని అవతలి వరుసకు పోయాడు.

నేను నోరు తెరవబోతే అక్క నా చెయ్యి నొక్కింది. "ఊకో తమ్మీ."

అక్క గంటె తీసుకొని, అత్త ఇస్తరాకులో ఇంకో ముద్ద పెట్టింది.

"కడుపునిండ తినుండ్రి అత్తమ్మా. ఇంకో ఇరవై ఏండ్లు చెప్పాలె గద."