నాన్న దగ్గిన రోజు

పక్క మంచం ఆవిడ కూతురు సంచి విప్పగానే వార్డంతా ఎండు మిరపకాయల ఘాటు కమ్ముకుంది. ఇంటి గుమ్మం దగ్గర జారిపడి, పక్కటెముకలు విరగ్గొట్టుకుని గుంటూరు ఆసుపత్రిలో పడుకున్న నాకు దగ్గు రాబోయింది. నొప్పికి భయపడి నోరు మూసుకున్నాను. నాన్న గుర్తొచ్చాడు.

అది మాఘమాసం. తమ్ముడు ఫాల్గుణం అంటాడు కానీ తప్పు. ఆ ఏడు ఫాల్గుణానికి మా కాయలు అమ్ముడైపోయాయి. కళ్లం నిండా ఎర్రగా పరిచిన కాయలు, తాలుకాయలు ఏరే కూలీల తుమ్ములు, పత్తికట్టె పొయ్యి మీద ఉడికే జొన్నన్నం, కాయలు కుక్కిన గోనె టిక్కీల చాటున మా దాగుడుమూతలు, వీటన్నిటి మధ్య బండి మీది టిక్కీలకు తాడు బిగిస్తూ నాన్న జారి నొగ కర్ర మీద పడ్డాడు. పక్కటెముకలు విరిగాయి.

నాయనమ్మ పంచె తడిపి అతని ఛాతీకి బిగించి చుట్టింది. "దగ్గావంటే ఊరుకోను అబ్బాయ్, అతుక్కునే ఎముక ఊడొస్తుంది," అంది. మిరప ఊళ్లో దగ్గకుండా ఉండటం ఎవరి తరం? అందుకని కళ్లాన్ని చేను చివరికి మార్పించింది, తాలింపులో మిరపకాయ మానేసింది, మాలో ఎవరికి గొంతు గరగరమన్నా వీధిలోకి తరిమేది. నాన్న పళ్లు బిగించి దగ్గు మింగేవాడు. కొడుకు ఓర్పు చూసి ఆమె మురిసిపోయేది. వారం తిరక్కుండా జ్వరం వచ్చింది. ఒక్క మాట పూర్తి చెయ్యటానికి మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకునేవాడు.

చివరికి ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ, అన్నం క్యారేజీతో వెంట వెళ్లిన నేను మంచం కాళ్ల దగ్గర నిలబడి ఉండగా, డాక్టరుగారు ఆ కట్టు విప్పేశారు.

"ఎముకలు వాటంతటవే అతుక్కుంటాయమ్మా. కఫం లోపలే నిలిచి నిమ్ము చేసింది. దగ్గితేనే బతుకుతాడు."

నాన్న వాళ్లమ్మ వైపు చూశాడు, సెలవు అడుగుతున్నట్టు. ఆమె మొహం పాలిపోయింది. దిండు తీసి అతని పక్కకు అదిమి పట్టి, "దగ్గు అయ్యా, నేను పట్టుకున్నా," అంది. అతను తల అడ్డంగా ఊపాడు. కళ్లం నుంచి కట్టుబట్టలతో వచ్చేసిన మనిషి, చీర కొంగు తీసి అతని ముక్కు దగ్గర ఒక్క దులుపు దులిపింది.

నాన్న దగ్గాడు. నర్సు దగ్గింది, డాక్టరుగారూ దగ్గారు. "ఎవరమ్మా అది, మిరపకాయలు తెచ్చింది?" అని మూల మంచం మీంచి ఎవరో అరిచారు. నాన్న ఏడుస్తూ, దగ్గుతూ, కఫం ఊస్తూనే ఉన్నాడు. "ఆపమాక, ఇంకా ఉంది," అంటూ నాయనమ్మ దిండు వదల్లేదు.

మర్నాడు ఆమె మళ్లీ కొంగు పట్టుకోగానే, "నన్ను చంపేట్టున్నావే అమ్మా!" అన్నాడు. ఒకే ఊపిరిలో అన్నాడు. అది విని ఆమె కింద కూలబడి ఏడ్చింది.

ఇప్పుడు కాయలు టార్పాలిన్ పట్టాల మీద ఆరి కోల్డ్ స్టోరేజీకి పోతున్నాయి. ఎడ్లబండీ లేదు, కొంగులో ఘాటు మోసే మనిషీ లేదు. నర్సమ్మ నా చేతికి దిండిచ్చి, "గట్టిగా దగ్గండి మామ్మగారూ," అంటూ, ఆ సంచి బయట పెట్టమని పక్క మంచం వాళ్లను కసిరింది.

"ఉండనివ్వమ్మా," అన్నాను, దిండు పక్కకు అదుముకుంటూ. "ఇంకాస్త ఇటు జరపమను."