ఓడినవాళ్ళ మర్యాద

ఇంగ్లండులో నర్సుగా పనిచేసిన రోజుల్లో నేను అక్కడి ఎన్నికల్లో ఓటు వేశాను. మన పాస్‌పోర్టు పెట్టుకునే అక్కడ ఓటు వెయ్యొచ్చు. ఒకప్పుడు మనల్ని ఏలినందుకు పరిహారం కాబోలు అనుకున్నాను. గురువారం నాడు ఎన్నిక, సెలవు లేదు. డ్యూటీకి వెళ్తూ వెళ్తూ ఒక చర్చి హాల్లో దూరి, దారంతో కట్టేసిన పెన్సిలుతో కాగితం మీద ఇంటూ మార్కు పెట్టి బయటికొస్తే, యజమాని కోసం గుమ్మంలో కూర్చున్న కుక్క తప్ప నా వంక చూసినవాళ్ళు లేరు. ఇంటికి ఆటో పంపేవాళ్ళు లేరు, “టిఫిను చేసేరా అండీ” అని అడిగేవాళ్ళు లేరు. నిజం చెప్పొద్దూ, నాకు చిన్నతనంగా అనిపించింది.

రాజోలు దాటి సముద్రం వైపు వెళ్తే మా ఊరు వస్తుంది. నేను ఉద్యోగం చాలించుకుని తిరిగొచ్చిన కొన్నాళ్ళకే పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. సర్పంచ్ పదవి ఆడవాళ్ళకు రిజర్వు కావడంతో మా బావగారు పోటీకి దిగారు, మా అక్క పేరు మీద. పోస్టరులో బావగారు నిలువెత్తున ఉన్నారు, అక్క ఓ మూల చేతులు జోడించుకుని ఉంది. పోటీ చేస్తున్నది ఎవరో తెలియాలంటే కింద పేరు చదువుకోవాలి.

బావగారు ఊహించనిది ఒక్కటే, అక్కకు ఆ పని నచ్చింది. మా వెనక వీధిలో బోరు నీళ్ళు ఉప్పగా మారి చాలా కాలమైంది. కొబ్బరితోటలు కొట్టి తవ్విన రొయ్యల చెరువులే కారణమని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. ఆ వీధి ఆడవాళ్ళు కూలికి వెళ్ళేది ఆ చెరువుల మీదికే మరి. అక్క మీద పోటీకి నిలబడ్డావిడ ఆ చెరువుల ఆసామి భార్య. అక్క ఆ వీధిలో ప్రతి ఇంటికీ తిరిగి, “గెలిచినా ఓడినా ఈ నీళ్ళ సంగతి నేను వదలనమ్మా” అని మాటిచ్చింది. పని పోతే పోయిందని వాళ్ళంతా అక్కకే వేశారు. అయినా అక్క కొద్దిలో ఓడిపోయింది.

ఫలితం చెప్పిన సాయంత్రం అక్క ఏడవలేదు. అంతకుముందు ఎప్పుడో నేను ఫోనులో చూపించిన ఇంగ్లండు ఎన్నికల వీడియో మళ్ళీ పెట్టమంది. అక్కడ లెక్కింపు అయ్యాక పోటీ చేసినవాళ్ళంతా ఒకే వేదిక మీద నిలబడాలి. ఎంత పెద్ద మంత్రి అయినా సరే, సరదాకి కోడి వేషం వేసుకుని పోటీ చేసినవాడి పక్కన బుద్ధిగా నిలబడి, తన ఓటమి తన చెవులతో విని, గెలిచినవాడికి చెయ్యి అందించి వెళ్ళిపోతాడు.

“ఎంత బాగుందే! మనమూ వెళ్ళి ఓ మంచి మాట చెప్పొద్దాం. పొద్దున్న లేస్తే మొహాలు చూసుకోవాలి కదా,” అంది అక్క.

“ఓడినవాళ్ళు నాలుగు రోజులు తలుపేసుకుని ఉండాలి. అదీ పద్ధతి,” అన్నారు బావగారు. ఆయన పద్ధతుల మీద నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. మర్నాడు పొద్దున్నే చక్కెరకేళీ అరటిపళ్ళ అత్తం ఒకటి పట్టుకుని అక్క వెంట బయల్దేరాను.

గెలిచినావిడ గుమ్మంలోకి ఎదురొచ్చింది. “రండక్కగారూ, రండి. మీరొస్తారని అనుకోలేదండి,” అని అక్క చేతులు పట్టుకుంది. పాపం, ఆవిడ సంతోషం నిజమైనదే. అక్క అభినందనలు చెప్పి, “వెనక వీధి నీళ్ళ సంగతి కాస్త చూడండమ్మా,” అంది. “ఆయ్, తప్పకుండానండీ,” అని జవాబిచ్చింది మాత్రం ఆవిడ భర్త. అంటూనే వెనక నుంచి వచ్చి అక్క భుజాల మీద ఏదో కప్పాడు. శాలువా అనుకున్నాను. చూద్దును కదా, వాళ్ళ పార్టీ కండువా! నాలుగు ఫోన్లు ఒక్కసారి పైకి లేచాయి. పెద్దమనిషి భుజాన వేసినది తీసి చేతికివ్వడం మా వైపు చెంపదెబ్బతో సమానం. అక్క మర్యాదకి నవ్వింది. ఆ నవ్వు ఫొటోలో బ్రహ్మాండంగా పడింది.

మేము ఇంటికి చేరేసరికే ఫొటో ఊరంతా తిరిగేసింది. అభివృద్ధిని చూసి వాళ్ళ గూటికి చేరిందట మా అక్క! కొత్త సర్పంచ్ ఇంకా ప్రమాణమైనా చెయ్యలేదు, అభివృద్ధి ఎప్పుడు జరిగిపోయిందో మరి. నాకు ఒళ్ళు మండిపోయింది. అక్కేమో, మనవాళ్ళకు నా సంగతి తెలియదా అని ధీమాగా ఉంది.

కాసేపటికి వెనక వీధి నుంచి ఒకావిడ వచ్చింది. ప్రచారంలో అక్కతో కలిసి ఎండలో తిరిగిన మనిషి. ఆ పొద్దున చెరువు దగ్గర ఇక పనికి రావద్దన్నారట. ఎడమ చెయ్యి చాపి చూపుడువేలు చూపించింది. గోటి మీద సిరా ఇంకా నల్లగానే ఉంది.

“ఈ మచ్చ పోయేదాకా అన్నా ఆగలేకపోయేరా అండీ?” అంది.

అక్క చెప్పబోయింది. కండువా వాళ్ళే వేశారని, తాను వెళ్ళింది అందుకు కాదని, ఇంగ్లండులో ఇలాగే చేస్తారని. ఆవిడ అంతా విని, “ఆయ్, అలాగేనండి. వెళ్ళొస్తానండి,” అని వెళ్ళిపోయింది.

సాయంత్రం అక్క ఒక్కతీ ఆ వీధికి బయల్దేరితే నేనూ వెళ్ళాను. ప్రతి గుమ్మం దగ్గరా ఆగి మొదటి నుంచీ చెప్పుకుంది. మా వైపు గుమ్మంలోకి వచ్చినవాళ్ళను, పగవాళ్ళయినా సరే, కూర్చోమంటారు. వీధి చివరిదాకా అందరూ “ఆయ్, అలాగేనండి” అన్నారు. కూర్చోమని మాత్రం ఒక్కరూ అనలేదు.