దేవకృప కట్టిన దండెం

దేవకృప టీచరమ్మకు కోపం రావడం మారేడ్‌పల్లిలో ఎవరూ చూడలేదు. ఇరవయ్యారేళ్లు అక్కడ ఒకే మేడ మీది పోర్షన్‌లో అద్దెకుంది. డాబా తాళంచెవి మాత్రం ఓనరు ఎన్నడూ ఇవ్వలేదు. అద్దెవాళ్ల బట్టలు పైన వేలాడితే ఇంటి పరువు పోతుందని ఆయన బాధ. ఆమె స్కూలుకు కట్టుకెళ్లే నూలుచీరలు కుర్చీల మీద, మంచంకోళ్ల మీద, ఫ్యాను గాలికే ఆరేవి. వానాకాలమంతా ముక్క వాసన.

రిటైరయ్యాక ఆమె, భర్త ఐజాక్ కలిసి నేరేడ్‌మెట్ అవతల కొత్త కాలనీలో చిన్న ఇల్లు కొన్నారు. పర్యావరణాన్ని కాపాడతామంటూ చెట్ల నడుమ కట్టిన కాలనీ అది. కప్పుల మీద సోలార్ పలకలు, వాననీటికి గుంటలు, ఎటుచూసినా కానుగలు, నేరేళ్లు, వెదురు పొదలు. పెరడంతా నీడే. ఎండ తగిలేది ఇంటి ముందరే కనుక, దిగిన రెండో రోజే దేవకృప అక్కడ తాడు కట్టి చీరలు ఆరేసింది.

సాయంత్రానికల్లా కాలనీ సెక్రటరీ రాఘవేందర్ వచ్చాడు.

"మేడమ్, జెర ఆ తాడు తీసెయ్యాలె. బట్టలు కనబడితే అడవి లుక్ ఖరాబైతది. రూల్స్‌ల ఉంది. క్లబ్‌హౌస్‌ల డ్రయర్లు పెట్టినం గదా!"

"అవి దేంతోని నడుస్తయి సార్?"

"కరెంటుతోని."

"నెత్తిమీద సూర్యున్ని పెట్టుకొని, కరెంటు తగలబెట్టి చీరలు ఆరబెట్టుకోవాల్నా? ఇదేం పర్యావరణం?"

"మీరన్నది కరెక్టే. కానీ రూల్ రూలే," అని ఆయన వెళ్లిపోయాడు.

మర్నాడు తోటమాలి వచ్చి తాడు కోసి, చీరలు మడతపెట్టి అరుగు మీద ఉంచాడు. ఆమె మళ్లీ కట్టింది. వాళ్లు మళ్లీ కోశారు. మూడోసారి కోసిన రోజు, లోపలికి వెళ్లేసరికి ఐజాక్ పడకగదిలో కుర్చీల మీద ఆమె చీర పరుస్తున్నాడు.

"పోనీ దేవా, ఇంట్లనే ఆరేసుకుందం. వచ్చి నెల సుత కాలే, అందరితోని పంచాయితీ ఎందుకు?"

నేలమీద బొట్లుబొట్లుగా కారుతున్న చీర అంచు చూసి ఆమెకు ఒళ్లు మండిపోయింది. విసురుగా దాన్ని లాగేసుకుంది.

"ఇరవయ్యారేండ్లు ఆరేసిన, ఫ్యాన్ కింద. అప్పుడు ఇల్లు ఇంకొకరిది. ఇది నాది!"

ఆ మధ్యాహ్నమే రాణిగంజ్ వెళ్లి రెండు ఇనప పైపులు, లావుపాటి తీగ కొని ఆటోలో వేసుకొచ్చింది. గుంటలు తవ్వి, సిమెంటు కలిపి, పైపులు తనే నిలబెట్టింది. ఐజాక్ కాసేపు గుమ్మంలోనే నిలబడి, ఆఖరికి నీళ్ల బకెట్ తెచ్చిచ్చాడు.

ఆదివారం కాలనీ మీటింగులో, ఆ రూలు తీసేయాలనేవాళ్లను చేతులెత్తమంటే నలభై ఇళ్లకు ఆమె వైపు ఆరు చేతులే లేచాయి. రూలు అలాగే ఉంది. దేవకృప లేచి నిలబడింది.

"మీ రూలు మీరు పెట్టుకోండి. కోస్తే మళ్ల కడత. నోటీసు పంపితే దాన్ని సుత దండెం మీదనే వేస్త."

ఇంటికొచ్చి, ఎండ వాలిపోతున్నా సరే, నానబెట్టిన దుప్పట్లన్నీ పిండి ఆరేసింది.

తీగ కొయ్యడానికి మళ్లీ ఎవరూ రాలేదు. నోటీసులు మాత్రం నెలనెలా వస్తూనే ఉన్నాయి. దేవకృప వాటిని శ్రద్ధగా చదివి, అక్షరదోషాలు ఎర్రసిరాతో దిద్ది, వాచ్‌మన్ చేత సెక్రటరీకి తిప్పి పంపుతోంది.